చుక్కానిపాళేనికి రాజు లేడు

నాయుడుపేట నుంచి గూడూరుకు వస్తున్న బస్సులో నా పక్క సీటాయన ఫోన్లో ఆట ఆడుతున్నాడు. రొయ్యల మేత అమ్మే మనిషి కాబోలు, కంపెనీ సంచీ ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాస్తున్నంత దీక్షగా ఆడుతున్నాడు. ఆ మోత బస్సుకంతా వినబడుతోంది. చిల్లకూరు దగ్గర పడుతుండగా ఫోన్లోంచి ఒక ఆడగొంతు, "పాళెం కనబడింది, తగలబెట్టండి" అంది. ఆయన తగలబెట్టాడు.

నేను అటే చూస్తున్నానని గమనించి, "ఈ పాళేలు కాలిస్తేనే బంగారం వచ్చేదమ్మా. మొదట్లోనే కాల్చేసుకోవాల. లేదంటే రాజ్యం పైకి లేవదు" అని నాకు పాఠం చెప్పాడు.

"అది ఏ పాళెమన్నా?"

"ఏదో ఒక పాళెం. పేరెవురు చూస్తారు?"

నేను చూశాను. ఆ పేరు ఆ ఆటలోకి ఎలా వచ్చిందో కూడా నాకు తెలుసు. దాని కోసం పోట్లాడిన మనిషి పోయి ఏడాది కావస్తోంది. గూడూరులో బస్సు దిగేదాకా ఆయనే నా కళ్ళ ముందు కూర్చున్నారు, ఎప్పట్లాగే ఒక కాలు కుర్చీలో మడిచి, రెండో కాలు కిందికి వేలాడేసి.

నెల్లూరులో ఒక మందుల షాపు పైన, రెండు గదుల్లో మా కంపెనీ ఉండేది. కంపెనీ అంటే పెద్ద మాట. మా ఓనరు కోవూరులో వరి పండించే ఇంటి పిల్లవాడు. తండ్రి పెట్టిన తిట్లన్నీ తిని, పాత కాలపు రాజ్యాల మీద తెలుగులో ఒక ఆట తయారు చేస్తానని బయల్దేరాడు. ఆడేవాళ్ళు ఒక రాజ్యాన్ని ఎంచుకోవాలి, ఊళ్ళు కట్టాలి, సైన్యం పెంచాలి, పక్క రాజ్యాలను మింగాలి. ఆ ఆటను ఆడిందే ఆడి అందులో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఆటలాడినందుకు జీతమిస్తారని చుట్టాలకు చెప్పలేక, మా అమ్మ నేను బ్యాంకులో పని చేస్తున్నానని చెప్పుకునేది.

ఎనిమిది రాజ్యాలకు మించి బొమ్మలు గీయించే స్తోమత మాకు లేదు. ఏ ఎనిమిది ఉండాలో తేల్చడానికి ఓనరు తనకు కాలేజీలో చరిత్ర చెప్పిన మాస్టారుని పిలిపించాడు. అప్పటికే ఆయన రిటైరై నెల్లూరులో కూతురి దగ్గర ఉంటున్నారు.

ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చేవారు. మేమంతా బూట్లతో తిరిగే గది అది. ఎందుకు మాస్టారూ అంటే, "చచ్చిపోయినోళ్ళ సంగతులు మాట్లాడే చోటు గదమ్మే, చెప్పులతో ఎట్టా వస్తాము?" అనేవారు. టీతో పాటు గుప్పెడు మిక్చరు పెట్టినా ప్రార్థన చేయనిదే ముట్టుకునేవారు కాదు. ప్రార్థనప్పుడు ఒక కన్ను మాత్రం తెరిచే ఉంచేవారు. దానికీ ఆయన దగ్గర జవాబుంది. "దేవుడి మీద నమ్మకం ఉండాది. మీ ఓనరు మీద లేదు. పోయినసారి నేను ఆమేన్ అనే లోపల జీడిపప్పులన్నీ ఏరేసినాడు."

ఏ రాజ్యం పేరు చెప్పినా ఆయన వేసే ప్రశ్న ఒకటే. "ఎట్టా పోయినారు?"

"ఎట్టా పోతే మనకేంది మాస్టారూ. ఎట్టా గెలిచినారో చెప్పండి" అని ఓనరు తల పట్టుకునేవాడు.

"గెలిచేటప్పుడు అందరూ ఒకటే అబ్బయా. గుర్రమెక్కి వస్తారు, శాసనం చెక్కిస్తారు. పొయ్యేటప్పుడే ఒక్కోడి గుణం తెలిసేది."

ఆ లెక్కన ఆయన మాయా నాగరికత వాళ్ళకు వెంటనే చోటిచ్చారు. "వానలు మొగం చాటేసినాయి. ఊళ్ళిడిసి అడివికి అప్పజెప్పి పోయినారు. మర్యాదస్తులు. పెట్టుకో." ఈజిప్టు వద్దన్నారు. పిరమిడ్లు లేకుండా ఆట ఎవడు కొంటాడని ఓనరు మొత్తుకుంటే, "రాజుల సొమ్ము రాళ్ళపాలని ఊరికే అనలేదు. పెట్టుకో, నీ ఇష్టం. నన్నడగబాక" అని మొహం తిప్పుకున్నారు. హరప్పాకు రాజు పేరు తెలియదు కదా, ఎలా పెట్టడమని నేనడిగాను. తవ్వకాల్లో గడ్డం బొమ్మ ఒకటి దొరికింది, దాన్నే రాజును చేసేద్దామని ఓనరు అన్నాడు. మాస్టారు ఆ మాటకు చాలాసేపు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "అయితే రాజు లేకపోయినా చోటు ఉండాదన్న మాట" అన్నారు. ఆయన మనసులో ఏముందో అప్పటికి నాకు తెలియదు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పింగాణీ పెంకు ఉండేది. బొటనవేలి గోరంత, తెలుపు మీద నీలం గీత. వాదన ముదిరినప్పుడు దాన్ని తీసి బల్ల మీద పెట్టేవారు. వాకాడు అవతల ఇసక దిబ్బల్లో వాన పడ్డాక అలాంటివి తేలతాయని, ఎన్నడో చైనా ఓడలు తెచ్చిన గిన్నెల ముక్కలని చెప్పేవారు. ఆ దిబ్బల వెనకే ఆయన పుట్టిన ఊరు, చుక్కానిపాళెం. పగిలిపోయిన ఓడ తాలూకు చుక్కాని ఒకటి ఒడ్డుకు కొట్టుకొస్తే, దాన్ని నిలబెట్టి పక్కన గుడిసె వేసుకున్నవాడు ఆ ఊరికి మొదటి మనిషి. తర్వాత తరాల వాళ్ళు క్రీస్తును నమ్ముకున్నాక ఆ మానే ప్రార్థన మందిరానికి దూలమైందట.

ఎనిమిదింట్లో ఏడు తేలాయి. ఎనిమిదోది మంగోలు వాళ్ళని ఓనరు, చుక్కానిపాళెం అని మాస్టారు. మొదట వేళాకోళం అనుకున్నాం. ఆయన ప్రార్థనప్పుడు తెరిచి ఉంచే కన్ను కూడా ఆ రోజు నవ్వలేదు.

"రాజెవరు మాస్టారూ?" అన్నాడు ఓనరు.

"లేడు."

"సైన్యం?"

"లేదు."

"కోటో, గుడో, ఏదో ఒక కట్టడం ఉండాల గదా."

"దిబ్బ ఉండాది." పెంకు తీసి బల్ల మీద పెట్టారు. "ఓడలు వెతుక్కుంటా వచ్చిన ఊరబ్బయా అది. దీంట్లో కూడు తిన్నోళ్ళు ఉండారు. గుడారాల్లో తిరిగినోళ్ళకి రాజ్యమిస్తివే, గుడిసెల్లో ఉన్నోళ్ళకి ఎందుకియ్యవు?"

"మంగోలు వాళ్ళు సగం ప్రపంచాన్ని తగలబెట్టినారు మాస్టారూ. మీ పాళెమోళ్ళు ఏం తగలబెట్టినారు?"

"పొయ్యి."

ఓనరు నవ్వేశాడు. నాకూ నవ్వొచ్చింది. మాస్టారు పెంకును జేబులో వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు.

మర్నాడు కరెంటు పోయి గదిలో ఉక్కగా ఉంటే, ఆయనా నేనూ మేడమెట్ల మీద కూర్చున్నాం. అడగకపోయినా ఆయనే చెప్పారు. సముద్రం ఒడ్డున ఏదో పెద్ద ప్రాజెక్టు వస్తోందని చుక్కానిపాళేన్ని ఖాళీ చెయ్యమన్నారు. కాగితాలు వచ్చాయి. ఊళ్ళో చదువుకున్న పెద్ద ఈయనే కాబట్టి అందరూ ఈయన చుట్టూ చేరారు.

"వేలిముద్ర వెయ్యమంటావా మాస్టారూ అని అడిగినారమ్మే. నన్ను పెంచిన మా అక్క కూడా అడిగింది. నేను చరిత్ర చదివినోణ్ణి గదా. ఊళ్ళు పోతాయి, ఊళ్ళు వస్తాయి, కాలానికి అడ్డం పడకూడదని పెద్ద ఉపన్యాసం ఇచ్చినా. వెయ్యండి అన్నా. నా మాట మీద ఊరంతా ఏసినారు."

రోడ్డు పక్క కాలనీలో ఇళ్ళిచ్చారు. దానికి పేరు లేదు, నెంబరే. వలలు ఆరేసుకోవడానికి చోటు లేదు, సముద్రం రెండు ఆటోల దూరం. ఊరున్న చోట గోడ కట్టారు. ఆ గోడ లోపలే సమాధుల దిబ్బ కూడా ఉండిపోయింది. అందులో ఆయన అమ్మా నాన్న, భార్య ఉన్నారు. కాలనీకి వెళితే ఆయనతో ఎవరూ మాట్లాడరు, కుర్చీ మాత్రం వేస్తారు.

"ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అంటారు గదమ్మే ముసిలోళ్ళని. నా సంగతి అది గూడా కాదు. ఊరూ పొమ్మనింది, కాడూ రావద్దనింది."

ఆయనే మళ్ళీ అన్నారు. "ఇప్పుడు ఆ ఊరి పేరు బస్సు మీద లేదు, రేషన్ కార్డులో లేదు. మా అక్క మనవరాలికి ఆ మాటే తెలీదు. యాడో ఒక చోట ఉండాల. మీ ఓనరు ఆటలో అయినా సరే. ఒక్క చోట ఉండాల."

ఆ రోజు నేను ఓనరుతో గట్టిగానే చెప్పాను. అతను చెడ్డవాడు కాదు. విని, బాధపడి, సరేలే నేను చూసుకుంటానన్నాడు. అతను చూసుకున్న తీరు ఇదీ.

ఇలాంటి ఆటలన్నిట్లోనూ పటం మీద అక్కడక్కడా ఏ రాజ్యానికీ చెందని వాళ్ళ చిన్న చిన్న గుడారాలు ఉంటాయి. వాటిని తగలబెడితే ఆడేవాళ్ళకు బంగారం వస్తుంది. వాటికి తెలుగులో ఏం పేరు పెట్టాలా అని ఓనరు చాన్నాళ్ళుగా వెతుకుతున్నాడు. శిబిరం అంటే పుస్తకంలో మాటలా ఉంది. అప్పుడతనికి కాలేజీ పాఠం గుర్తొచ్చింది. పాళెమంటే మొదట దండు విడిది చేసిన చోటు, పాళెగాడు ఆ మాటలోంచే వచ్చాడు. పాఠం చెప్పింది మాస్టారే. మా సముద్రం ఒడ్డున ప్రతి రెండో ఊరూ ఏదో ఒక పాళెమే కాబట్టి ఆ మాటలో దండు ఉందని మాకెవరికీ వినబడదు. ఓనరుకు వినబడింది. గుడారాలన్నిటికీ పాళేలని పేరు పెట్టి, పటంలో సముద్రం పక్కనున్న మొదటి దానికి చుక్కానిపాళెం అని రాయించాడు.

ఆ రోజు మాస్టారుకి స్వీటు తెప్పించాడు. మలై కాజా. "మీ ఊరు పెట్టేసినా మాస్టారూ. ఏ రాజ్యం తీసుకున్నా మొదట కనబడేది మీ ఊరే" అని ఫోను ఆయన చేతికిచ్చాడు. సంతోషంగా ఇచ్చాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగిన వాడి సామెత ఉంది కదా, ఇతను అంతకన్నా అమాయకుడు, చుట్ట కూడా తనే బహుమతిగా తెచ్చాడు.

మాస్టారు ఊరి పేరు పైకి చదివారు. కింద ఉన్న మాట కూడా చదివారు. "తగలబెట్టు." కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"మీరే గదా మాస్టారూ చెప్పింది, పాళెమంటే దండని" అన్నాడు ఓనరు, కొంచెం భయంగా.

"అవునబ్బయా. నేనే చెప్పినా. అన్నీ నేనే చెప్పినా."

కాజా ముట్టుకోలేదు. ప్రార్థన కూడా చేయలేదు. ఆయన ప్రార్థన మరిచిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తీసేయమని అడుగుతారనుకున్నాను. నేనే నెమ్మదిగా ఆ మాట ఎత్తితే, "తీసేస్తే ఇంకెక్కడ ఉంటాదమ్మే?" అన్నారు. తర్వాత కుర్చీ నా పక్కకు లాక్కుని, ఆట ఎలా ఆడాలో నేర్పమన్నారు. ఏ రాజ్యం కావాలి మాస్టారూ అంటే, ఏదైనా ఒకటే అన్నారు.

ఆయన ఆడిన ఆట మరొకరు ఆడగా నేను చూడలేదు. సైనికులందరినీ తీసుకెళ్ళి చుక్కానిపాళెం చుట్టూ నిలబెట్టారు. ఊరు కట్టలేదు, పంట వెయ్యలేదు. "తర్వాతి ఏడు" అనే గుర్తు నొక్కుతూ కూర్చున్నారు. ఏళ్ళు గడుస్తున్నాయి. పక్క రాజ్యాలు బలిసి ఆయన రాజధాని మీదికొచ్చాయి. కోట పోయింది. "మీరు ఓడిపోయారు" అని వచ్చింది.

"ఊరుండాదా?" అన్నారు.

ఉంది. పాళేలను తగలబెట్టేది ఆడే మనిషి మాత్రమే. మిగతా రాజులకు ఆ పని మేము నేర్పలేదు. ఆ సంగతి చెప్తే ఆయన నా మొహంలోకి చూసి, "అట్టనా" అని మాత్రం అన్నారు.

ఆ ఆటను తన ఫోన్లోనూ ఎక్కించుకున్నారు. మా పని అయిపోయి ఆట బయటికొచ్చాక ఆయన ఆఫీసుకు రావడం మానేశారు. అప్పుడప్పుడు నేనే ఫోన్ చేసేదాన్ని. "గెలుస్తున్నారా మాస్టారూ?" అంటే, "యాడమ్మే, రోజూ ఓడిపోతుండా. ఊరు మాత్రం ఉండాది" అనేవారు. అందులో ఆయనకు కాస్త సంతోషం ఉందని నాకనిపించేది. పాళెం తగలబెట్టకుండా గెలవడానికి ఒక దారి పెట్టమని నేను ఓనరును అడిగాను. "అట్టా పెడితే అది ఆట ఎట్టవుద్ది?" అన్నాడు.

వానాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. వారం తిరక్కుండానే పోయారు. దిబ్బ మీద భార్య పక్కన పెట్టమని ఆయన చాలా ముందే కూతురికి చెప్పి ఉంచారట. గోడ లోపలికి శవాన్ని రానివ్వరు. నెల్లూరులోనే ఊరి సమాధుల తోటలో చోటు చూశారు.

నేను వెళ్ళేసరికి ఇంటి ముందు షామియానా కింద పాటలు పాడుతున్నారు. కాలేజీ వాళ్ళు వచ్చారు, చర్చి వాళ్ళు వచ్చారు. కాలనీ నుంచి ఆయన అక్క ఒక్కతే వచ్చింది. ఎనభై దగ్గర పడిన మనిషి, రెండు బస్సులు మారి వచ్చింది. తడిసిన చీరతోనే గోడకానుకుని కూర్చుంది. ఏడవటం లేదు.

మాస్టారు కూతురు ఆయన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. "అక్కా, దీంట్లో నాన్నది మంచి ఫొటో ఏదన్నా ఉందేమో చూడు. ఫ్లెక్సీ వాడు అడుగుతున్నాడు" అని చెప్పి లోపలికి వెళ్ళింది. నేను ఆ ముసలామె పక్కనే కూర్చుని ఫోను తెరిచాను. ఆట తెరిచే ఉంది. సముద్రం, దిబ్బ, దిబ్బ పక్కన గుడిసెలు, చుట్టూ ఆయన నిలబెట్టిన సైనికులు. పక్షవాతం వచ్చిన పూట ఎక్కడ ఆపారో అక్కడే ఉన్నారు.

ముసలామె తొంగి చూసింది. "మా ఊరు దీంట్లో ఎక్కించినాడంట గదా. ఆ నడుమ ఫోన్ చేసి చెప్పినాడు. చూపించు పాపా."

"ఇదే పెద్దమ్మా."

"పేరు రాసుండాదా?"

గుడిసెల మీద వేలు పెడితే ఊరి పేరు పెద్ద అక్షరాలతో పైకి వచ్చింది. ఇదిగో అని చూపించాను. ఆమెకు చదువు రాదు. ఫోను రెండు చేతులతో తీసుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఆ అక్షరాలను అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చూసింది. "చుక్కానిపాళెం" అని తనకు తానే అనుకుంది. అప్పటిదాకా రాని నీళ్ళు అప్పుడు వచ్చాయి. తర్వాత ఆ పేరు మీద బొటనవేలు ఆనించింది. ఊరికే ఆనించి తీసేయలేదు. వేలిముద్ర వేసేవాళ్ళకు అలవాటైనట్టు, గట్టిగా అదిమి, ఒక అంచు నుంచి రెండో అంచుకు దొర్లించింది. నేను చెయ్యి చాపే లోపలే ఆ వేలు పేరు కిందున్న "తగలబెట్టు" గుర్తు మీదికి వచ్చేసింది.

చుట్టూ కాపలా ఉన్న సైనికులే కాగడాలు ఎత్తారు. గుడిసెలు అంటుకున్నాయి. పాటల మధ్యలో ఫోన్లోంచి ఆడగొంతు, "పాళెం తగలబడింది. బంగారం వచ్చింది" అంది. షామియానా కింద ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూశారు.

"కాలిపోయిందా?" అంది ముసలామె.

"మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడితే వస్తుంది పెద్దమ్మా. ఉండు, నేను పెడతాను."

"వద్దులే."

ఫోను నా ఒళ్ళో పెట్టింది. బొటనవేలిని కొంగుకేసి తుడుచుకుంది. సిరా ఏమీ లేదు, అయినా చాలాసేపు తుడుచుకుంది.

"అప్పుడు వాడు చెప్పినాడని ఏసినాము. వాణ్ణే అన్నాము, ఇంతకాలం" అంది. "ఇప్పుడు ఎవురు చెప్పినారు పాపా?"